రాస్ అల్ ఖైమాలో మూడు మెండోజా గ్లాసులు

నేను అర్జెంటీనా చూడలేదు. అయినా అక్కడి మెండోజా ప్రాంతంలో ఏ ద్రాక్ష ఏ ఎత్తులో పండుతుందో, ఏ గాలికి వాడిపోతుందో అడిగితే చెప్పగలను. డిగ్రీ మధ్యలో వదిలేసి, పెళ్ళి చేసుకుని, దుబాయ్‌లో కరామాలో కాపురం పెట్టిన మనిషిని. చదువు కాలేజీలో ఆగిపోయింది గాని లైబ్రరీలో ఆగలేదు. పక్కన నిఘంటువు పెట్టుకుని, కొన్ని పేజీలకు ఒక్కో సాయంత్రం ఖర్చుపెట్టి, ద్రాక్షల మీద అక్కడ దొరికిన ఇంగ్లీషు పుస్తకాలన్నీ చదివేశాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ద్రాక్షలే ఎందుకంటే, మాది మేడ్చల్ వైపు. నా చిన్నప్పుడు మా నాన్నకు అనాబ్-ఎ-షాహీ తోట ఉండేది. రాతి కడీల మీద ఇనుపతీగల పందిరి, కింద నీడ, తలెత్తితే గుత్తులు. ఇప్పుడక్కడ ఇళ్ళ ప్లాట్లు. ఒకరోజు లైబ్రరీలో ఒక పుస్తకం తెరిస్తే అచ్చం మా పందిరే కనిపించింది. వెనకాల మాత్రం మంచు కొండలు. అది మెండోజా. ఆ పందిరిని వాళ్ళు పర్రాల్ అంటారు. వానలు అంతంతమాత్రంగా పడే ఎడారి నేల. ఆండీస్ మీది మంచు కరిగి, కాలువల్లో దిగి వచ్చే నీళ్ళతోనే అక్కడి తోటలన్నీ బతుకుతాయి. ఆ రోజు నుంచి నాకు ఆ ఊరు పొరుగూరైపోయింది.

ఒక్కటే లోటు. ఇంత చదివినా వైన్ చుక్క నా నాలుక మీద పడలేదు. మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

ఆ లోటు తీర్చింది కరుణ. రాజోలు వైపు అమ్మాయి. కరామాలో మేం ఉన్న షేరింగ్ ఫ్లాట్‌లో పక్క గదిలో ఉండేది. ఒకే వంటింట్లో నేను పచ్చిపులుసు పిసుకుతుంటే పక్కన పొయ్యి మీద తన చేపల పులుసు ఉడికేది. తర్వాత రాస్ అల్ ఖైమాలో ఒక హోటల్లో గదులు సర్దే పనికి వెళ్ళింది. ఫిబ్రవరిలో ఫోన్ చేసింది.

"రజితక్కా, నాకో గెస్టు కావాలి. ఇదివరకు వైన్ తాగనోళ్ళయితే మరీ మంచిదంట. మీరొస్తారా?"

విషయం ఇది. ఆ హోటల్లో అర్జెంటీనా వంటల రెస్టారెంటు తెరుస్తున్నారు. అందులో వడ్డించే ఉద్యోగానికి తను పేరిచ్చింది. పరీక్ష ఏమిటంటే, పేరు కనబడకుండా కాగితం చుట్టిన మూడు మెండోజా సీసాలు ఇస్తారు. వాటిని తను పిలుచుకున్న అతిథికి వడ్డించి, ఏ గ్లాసులో ఏ ద్రాక్షో, నోట్లో అది ఎలా ఉంటుందో చెప్పాలి. వడ్డించే ముందు తను ఒక గుక్క పుక్కిలించి ఉమ్మేయవచ్చు.

అసలు చిక్కు ఆ గుక్క దగ్గరే. కరుణ బాప్తిస్మం తీసుకున్న మనిషి. మద్యం నోట పెట్టనని ఒట్టు. పైగా అక్కడి తెలుగు క్రైస్తవుల కూడికలో ప్రభువు బల్లకు, అంటే ఏసు పేరున రొట్టెతో పాటు అందరూ పంచుకునే గిన్నెకు, ద్రాక్షారసం కాచేది తనే. మద్యం కాదు, కిస్‌మిస్ నానబెట్టి మరిగించి వడకట్టిన రసం.

"ఉద్యోగమూ కావాలక్కా, ఆ గిన్నె కూడా కావాలి," అంది. "మీరు పుస్తకాలు చదివారు కదా, దారేదైనా చెప్పండి."

మా ఆయన నా సంచి చూసి నవ్వాడు. "అర్జెంటీనా పోత పోత అని, ఆఖరికి రాస్ అల్ ఖైమా బస్సెక్కుతున్నవా?"

"దగ్గరి దారి గదే," అన్నాను.

అల్ నహ్దా: అంగూర్ ఇంటర్వ్యూ

దుబాయ్‌లో ఒక సీసా కొనుక్కెళ్ళి కరుణకు ముందే చూపిద్దామని అనిపించిన మాట నిజం. కానీ దారి షార్జా మీదుగా. అక్కడ మద్యం పూర్తిగా నిషేధం, సంచిలో ఉన్నా తప్పే. అందుకని సీసా బదులు ద్రాక్షపళ్ళే తీసుకెళ్దామని షార్జాలో అల్ నహ్దా దగ్గర దిగాను. ఇళ్ళ మీద ఇళ్ళు, ప్రతి బాల్కనీలో బట్టలు, కింద వీధి పొడవునా మన కిరాణా కొట్లు.

పళ్ళ దుకాణంలో పఠాన్ ఒకాయన ఉన్నాడు. దక్షిణాఫ్రికా నల్లవి, పెరూ ఎర్రవి, నాసిక్ తెల్లవి. నేను ఒక్కో గుత్తీ ముక్కు దగ్గర పెట్టుకుంటూ పోతుంటే ఆయన కాసేపు ఓపిక పట్టాడు.

"బాజీ, ఖరీద్‌నా హై యా ఇంటర్వ్యూ లేనా హై?"

"ఖరీద్‌నా హై భాయ్. పహలే ఇంటర్వ్యూ."

కొంటావా అక్కా, ఇంటర్వ్యూ చేస్తావా అని ఆయన, ముందు ఇంటర్వ్యూ తర్వాతే కొనుడు అని నేను. ఆయన నవ్వేసి తన ఊళ్ళో తీగ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. క్వెట్టా దగ్గరట. తీగను మట్టి గోడ మీదికి పాకిస్తారట, పందిరి వేయరట. మా మేడ్చల్ పందిరి సంగతి నేను చెప్పాను. తూకం వేశాక గుప్పెడు నల్ల కిస్‌మిస్ ఊరికే పొట్లం కట్టి ఇచ్చాడు. పక్కన కరక్ చాయ్ రెండు దిర్హమ్‌లు. కరామా కంటే చిక్కగా ఉంది, పంచదార మాత్రం ఎక్కువ.

రాస్ అల్ ఖైమా బస్సులో ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ సూట్‌కేసు నా నల్లద్రాక్ష సంచి మీద పడింది. రసమంతా నా లేత పసుపు చుడీదార్ మీదికి కారింది. ఆవిడ తడి టిష్యూలన్నీ ఖర్చుపెట్టి తుడిచింది. మరక పోలేదు. దిగేదాకా "సారీ మామ్" అంటూనే ఉంది, నేను ఇక వదిలెయ్యమని "ఖలాస్, ఖలాస్" అంటూనే ఉన్నాను.

కార్నిష్ మీద పాఠం

సాయంత్రం డ్యూటీ దిగి కరుణ కార్నిష్‌కి, అంటే నీటి ఒడ్డు నడకదారికి, వచ్చింది. సముద్రపు పాయ పక్కన బెంచీ, ఎదురుగా దూరంగా బూడిదరంగు కొండలు. నేను సామగ్రి పరిచాను. మిగిలిన ద్రాక్షలు, ఎండు ఆలూబుఖారా, ఎండు గులాబీ రేకులు, నారింజ తొక్క, డబ్బాలో చెర్రీలు.

కరుణ ద్రాక్షలు ఒక్కొక్కటీ వాసన చూసి తల అడ్డంగా ఊపింది. "ఇవన్నీ ఒకే వాసనక్కా. ఫ్రిజ్ వాసన."

పుస్తకం కూడా అదే చెప్పింది. తినే ద్రాక్ష వేరు, వైన్ ద్రాక్ష వేరు, చాలా వైన్‌లు ద్రాక్ష వాసనే రావు అని. నేనే మేడ్చల్ నాలుకను నమ్ముకుని అన్నేసి పళ్ళు మోశాను. అవి పక్కన పెట్టి అసలు పాఠంలోకి దిగాను.

పరీక్షలో వచ్చే మూడు ద్రాక్షల పేర్లు కరుణకు ముందే చెప్పారు. మొదటిది టొరొంటెస్, తెల్లది. అర్జెంటీనాలోనే సాల్టా వైపు దానికి ఎక్కువ పేరు, మెండోజాలోనూ వేస్తారు. మస్కట్ అనే ద్రాక్ష జాతి దాని తల్లిదండ్రుల్లో ఒకటి కాబట్టి వైన్ అయ్యాక కూడా ద్రాక్ష వాసన వదలనిది ఇదే. గులాబీ, మల్లె, నారింజ తొక్క. వాసన తీపి, రుచి తీపి కాదు. రెండోది మాల్బెక్. ఫ్రాన్స్‌లో పుట్టి మెండోజాలో పేరు తెచ్చుకుంది. నల్లని ఊదా రంగు, ఆలూబుఖారా వాసన. మూడోది బొనార్డా. అదీ ఎర్రదే, ఊదా రంగే, చెర్రీ వాసన ఎక్కువ.

"మరి ఆ రెండు ఎర్రవీ పక్కపక్కన పెడితే?"

"ముక్కుతో దొరుకుతయి. రుచిలో ముప్పాతిక వంతు వాసనే అని రాసిండ్రు. నువ్వు నోట్లో పెట్టుకునే పనే లేదు. అతిథి నోరు ఎట్లుంటదని అడిగితే ఒక్కటి గుర్తుపెట్టుకో, మాల్బెక్ మెత్తగ ఉంటది. అన్ని పుస్తకాల్లో అదే మాట."

"మాల్బెక్ మెత్తన," అని కళ్ళు మూసుకుని వల్లె వేసింది. తర్వాత రేకులు, తొక్క, ఆలూబుఖారా చేతిలో పెడితే చూడకుండానే ఏది ఏమిటో చెప్పేసింది.

గదుల పని వదలాలని ఎందుకంత పట్టుదల అని అడిగాను.

"గది సర్దడమంటే మనుషులెళ్ళిపోయాక వెళ్ళడమక్కా. మంచం, తువ్వాళ్ళు, ఎవరో తిని వదిలేసిన ప్లేటు. నాకేమో మనుషులున్నప్పుడు వెళ్ళాలనుంది. కూర్చోబెట్టి, పోసి, ఎలా ఉందండీ అని అడగాలని."

వాదీలో కాలువ

మర్నాడు సువార్తమ్మ గారు మమ్మల్ని కొండల్లోకి తీసుకెళ్ళింది. తెలుగు కూడికకు పెద్ద దిక్కు ఆవిడే. ఏళ్ళ తరబడి ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తోంది. ఆ ఇంటివాళ్ళకు వాదీలో, అంటే కొండవాగు లోయలో, ఒక తోట ఉంది. వారానికోసారి అక్కడికి వంట సామాను దింపడానికి వెళ్ళే బండిలోనే మేమూ వెళ్ళాం.

పచ్చగడ్డి పరక లేని కొండలు. రాళ్ళ మలుపు తిరగ్గానే ఉన్నట్టుండి ఖర్జూరపు చెట్లు, వాటి మధ్య సన్నటి కాలువ. ఇక్కడ దాన్ని ఫలజ్ అంటారు. కొండలోని ఊటనీటిని తోటకు నడిపిస్తుంది, ఒకరి వంతు అయ్యాక ఇంకొకరికి గండి తీస్తారు. మెండోజాలోనూ ఇంతే. అక్కడి కాలువలను అసెకియా అంటారు, ఆ మాట అరబ్బులు స్పెయిన్‌కు తీసుకెళ్ళింది, స్పెయిన్ వాళ్ళు అమెరికాకు పట్టుకెళ్ళారు. కాలువ ఒడ్డున నిలబడి ఇదంతా గట్టిగానే చెప్పాను. వినడానికి ఇద్దరే ఉన్నా, చెప్పాల్సిన చోటు అది.

కాలువ పక్కనే ఖర్జూరపు దుంగల మీద ఒక ద్రాక్షతీగ. కత్తిరించిన కొమ్మలకు అప్పుడప్పుడే చిగుళ్ళు. కరుణ ఆ చిగురు ముట్టుకుని చూస్తుంటే సువార్తమ్మ గారు చాప పరిచి టిఫిన్ విప్పింది. చింతకాయ వేసిన వంజరం పులుసు, అరబ్బు ఇంటి ఖమీర్ రొట్టె. ఆ రొట్టె ఆ పులుసులో ముంచితే అన్నం గుర్తుకు రాలేదు.

తిన్నాక కరుణే మాట ఎత్తింది. "పెద్దమ్మా, రేపు పరీక్ష. నోట్లో పోసుకుని ఉమ్మేయాలంటున్నారు. నేను వాసనతోనే చెప్దామనుకుంటున్నాను."

"వాసనకేం దోషం లేదు," అంది సువార్తమ్మ గారు.

"ఒకవేళ నోట్లో పెట్టుకోవాల్సొస్తే?"

ఇక్కడ నేను కల్పించుకున్నాను. మెండోజాలో ద్రాక్ష నాటిందే చర్చివాళ్ళని, స్పెయిన్ నుంచి వచ్చిన పాదిరీలు బల్ల కోసం వేసిన క్రియోజా తీగల నుంచే అక్కడి కథంతా మొదలైందని, రేపటి టొరొంటెస్ కూడా ఆ క్రియోజాకు పుట్టిన బిడ్డేనని చెప్పాను. ఇది తిరుగులేని వాదన అని నా నమ్మకం.

సువార్తమ్మ గారు శ్రద్ధగా విన్నది. "బాగా చదివారమ్మా. వాళ్ళ బల్ల వాళ్ళది, మా బల్ల మాది." తర్వాత కరుణ వైపు తిరిగింది. "మన కూడికలో సగం మంది ఆడోళ్ళు ఇక్కడికెందుకొచ్చారో నీకు తెలుసు. ఇంట్లో తాగుడు భరించలేక. ఆ గిన్నె దగ్గరికొచ్చినప్పుడు అది కాచింది ఎవరో చూసుకునే తాగుతారు. ఉమ్మేసినా నోట్లోకెళ్ళినట్టే. ఉద్యోగం చేసుకో, నేను కాదనను. కూడికకు రా, బల్ల దగ్గరికి రా. రసం మాత్రం ఇంకొకరు కాస్తారు."

కోపం లేదు ఆ మాటలో. అన్నం వడ్డించినంత మామూలుగా చెప్పింది. కరుణ తల ఊపి, కాలువలో గిన్నెలు కడగడానికి దిగింది.

"ముక్కు చాలు," అన్నాను పక్కన కూర్చుని. "భయపడకు."

మూడు గ్లాసులు

రెస్టారెంటు ఇంకా తెరవలేదు, గోడలకు రంగు వాసన. మేనేజరు పేరు ఎస్తెబాన్, మెండోజా మనిషే. మా అదృష్టం, ఆయన ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడతాడు. మెనూ కార్డు మీద మాల్బెక్ గ్లాసు ధర చూశాను. కరామాలో మేం తినే ఆంధ్రా భోజనాలు అంతకు నలుగురికి వస్తాయి.

మీ ఊళ్ళో వీధుల వెంబడి అసెకియాలు పారుతున్నాయా, ఈ ఏడు కొండల మీంచి జోండా వడగాలి కొట్టిందా, వడగళ్ళ వలలు కట్టారా అని అడిగాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీరు మెండోజా ఎప్పుడు వచ్చారు?"

"లైబ్రరీ మీదుగా వచ్చాను," అన్నాను.

కరుణ తెల్ల చొక్కా, నల్ల ఏప్రన్‌తో వచ్చింది. పక్కన బల్ల మీద ఉమ్మే గిన్నె పెట్టి ఉంది. మొదటి సీసా నుంచి తన గ్లాసులో కొంచెం పోసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్క క్షణం కూడా పట్టలేదు. "టొరొంటెస్. గులాబీ, మల్లె, ద్రాక్ష. వాసన తీపిగా ఉంటుంది, కానీ మేడమ్ గారికి తీపి తగలదు." నాకు పోసింది. నా జీవితంలో మొదటి గుక్క. పెళ్ళింట్లో పూలదండ వాసన, నాలుక మీద మాత్రం తీపి లేని పులుపు, చివర నారింజ గింజ కొరికినంత చేదు. చదివినదంతా అక్షరాలా అక్కడ ఉంది. అంతగా సంతోషపడిన సందర్భాలు నాకు ఎక్కువ లేవు.

తర్వాత రెండు ఎర్రవి. రెండూ ఊదా రంగే, రెండూ నల్లగా. కరుణ ఒకటి వాసన చూసింది, రెండోది చూసింది, మళ్ళీ మొదటిది. గ్లాసు తిప్పింది. నా వైపు చూసింది. నేను ధైర్యంగా తల ఊపాను. మళ్ళీ వాసన చూసింది.

"రెండింట్లోనూ ఆలూబుఖారా ఉందండి. చెర్రీ కూడా రెండింట్లోనూ ఉంది," అంది.

"రుచి చూడు," అన్నాడు ఎస్తెబాన్.

"సర్, నేను నోట్లో పెట్టుకోను. మేడమ్‌కి పోస్తాను. ఆవిడ చెప్పింది బట్టి..."

నేను రెండూ తాగాను. నా నాలుకకు రెండూ వగరే, రెండూ కొత్తే. ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయాను. నిజాయితీగా అదే చెప్పాను.

ఎస్తెబాన్ గొంతు పెంచలేదు. "అతిథి నిన్ను అడుగుతుంది. నువ్వు అతిథిని అడగకూడదు. తాగని వాళ్ళు నా దగ్గర చాలామంది పనిచేశారు, మంచి పనివాళ్ళు. నోట్లో పెట్టుకుని ఉమ్మేశారు. అదీ కుదరకపోతే వంటలు వడ్డించే వైపు తీసుకుంటాను. వైన్ వైపు మాత్రం కాదు. నీ ఇష్టం. తొందర లేదు."

కరుణ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నేను తెలుగులో "వంటల వైపయినా మనుషులుంటరు కరుణా," అన్నాను. కరుణ గ్లాసు తీసుకుని నోట్లో పోసుకుంది. దవడలు కదిపి, గిన్నెలో ఉమ్మేసింది. నీళ్ళతో పుక్కిలించి రెండోదీ అలాగే చేసింది. మూతి తుడుచుకుని గొంతు సవరించుకుంది.

"ఇది చిగుళ్ళను పట్టుకుంటుందండి, పచ్చి వక్క నమిలినట్టు. వెంటనే వదలదు. మాంసం తినేవాళ్ళకు బాగుంటుంది. ఇదేమో నున్నగా జారిపోతుంది, పుల్లగా నోరూరుతుంది. నున్నగా ఉన్నది మాల్బెక్. పట్టుకునేది బొనార్డా."

ఎస్తెబాన్ సీసాల కాగితాలు విప్పాడు. తారుమారు. పట్టుకునేదే మాల్బెక్.

"మాల్బెక్ మెత్తన అని నీకెవరు చెప్పారు?"

కరుణ నా వైపు చూడలేదు. నేనే చెయ్యెత్తాను.

ఆయన పెద్దగా నవ్వాడు. "పుస్తకం తప్పు చెప్పలేదు మేడమ్. కాబెర్నే లాంటి ఇంకా గట్టి వైన్ పక్కన పెట్టి మెత్తన అంటుంది. బొనార్డా పక్కన పెడితే ఇదే గట్టిది." తర్వాత కరుణతో అన్నాడు, "పేర్లు వారంలో వస్తాయి. నోట్లో ఏమున్నదో నువ్వు చెప్పింది సరిగ్గా ఉంది. ఆదివారం నుంచి లంచ్ షిఫ్టు. యల్లా, వెళ్ళి గ్లాసులు కడుగు."

దేని పక్కన పెట్టి మెత్తన అంటున్నావని ఆ రోజు నుంచి ప్రతి పుస్తకాన్నీ అడుగుతున్నాను. బయటికి వచ్చాక కరుణ నా చెయ్యి పట్టుకుంది. ఏడవలేదు, నవ్వలేదు.

"శుక్రవారం కూడికకు కిస్‌మిస్ నానబెట్టేశానక్కా పొద్దున్నే. అలవాటు కొద్దీ."

శుక్రవారం కూడిక

చర్చి ఆవరణలో తెలుగు కూడికకు ఒక చిన్న హాలు, దాని వెనక ఇరుకు వంటగది. అందరి కంటే ముందే వెళ్ళాం. సువార్తమ్మ గారు చాపలు పరుస్తోంది.

"వందనాలు పెద్దమ్మా. ఉద్యోగం వచ్చింది. నోట్లో పెట్టుకున్నాను," అంది కరుణ. ఎవరూ అడగకముందే, చెప్పులు విడవకముందే.

సువార్తమ్మ గారు చాప అంచు సరిచేసి లేచింది. "తాగావా?"

"ఉమ్మేశాను."

"నెత్తినొప్పేం రాలేదు కదా?"

"లేదు."

"సరే. ఇలా ఇవ్వు." నానిన కిస్‌మిస్ గిన్నె కరుణ చేతిలోంచి తీసుకుంది. తీసుకునేటప్పుడు మరో చేత్తో కరుణ చెంప తట్టింది. గిన్నె మాత్రం మళ్ళీ ఇవ్వలేదు.

నేను వంటింటి గోడకానుకుని నిలబడ్డాను. కరుణ గడప దాటలేదు, గుమ్మం బయట స్టూలు మీద కూర్చుంది. సువార్తమ్మ గారు కిస్‌మిస్ చేత్తో పిసికి, నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టింది. ఇంటిల్లిపాదికీ బిర్యానీలు వండే మనిషే గాని ఈ పని ఆవిడకు అలవాటు లేదని తెలుస్తూనే ఉంది. మంట పెంచుతుంది, తగ్గిస్తుంది. ఆవిరి గుమ్మం దాకా వచ్చింది. హాల్లో ఒక్కొక్కరూ వచ్చి చేరుతున్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు.

ఆవిడ గరిట తిప్పడం ఆపి గిన్నెలోకి వంగి చూసింది. వాసన చూసింది. ఏమీ తేలినట్టు లేదు. గుమ్మం వైపు తిరక్కుండానే గొంతెత్తింది.

"ఏమే, దించెయ్యనా?"

కరుణ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. కళ్ళు మూసుకుని ఒకసారి గాలి పీల్చింది.

"పచ్చివాసన పోలేదు పెద్దమ్మా. ఇంకొక్క పొంగు రానివ్వండి."

సువార్తమ్మ గారు మంట కొంచెం పెంచి, మళ్ళీ గరిట తిప్పడం మొదలుపెట్టింది.